లేని బంతి, సగం బంతి

"కండ్లు తెర్వకు కాకా, ఇంకొక్కసారి ఎయ్యాలె," అని చెప్పి నర్సమ్మ చుక్కల సీసా మూత బిగించుకుంటూ వెళ్ళిపోయింది. కొమురెల్లి కాకా గోడకు తల ఆనించి, రెండు కళ్ళూ మూసుకుని, చెంప మీదికి జారిన మందును తుడుచుకోకుండా కూర్చున్నాడు, పక్కన నేను. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు. పదకొండుకు డాక్టరు చూస్తాడు. ఆ పదకొండుకే రోడ్డవతల తెలంగాణ దీక్ష టెంటులో కూర్చున్నవాళ్ళు లేచి అబ్రహాం సార్ క్వార్టర్‌కు పోతారు, సామాన్లు తీసి బయట పెడతారు, సాయంత్రానికల్లా భూపాలపల్లి విడిచి పొమ్మంటారు. కొమురెల్లి కాకా కన్ను కనపడదని బొగ్గుగనుల కంపెనీకి ఎక్కించింది అబ్రహాం సారేనని టెంటులో తీర్మానం అయిపోయింది. అబ్రహాం సార్ ఎక్కించలేదు, నాకు తెలుసు, నాకెట్లా తెలుసంటే రాసింది నేను. రెండే మాటలు, రాసింది నేను, రెండు రోజుల నుంచి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉన్నాయి, అన్నం ముద్దకు దిగవు, నీళ్ళకు దిగవు.

దొంగకు తేలు కుట్టినట్టు అనే సామెత మా యాడి, అంటే మా అమ్మ, తరచూ అంటుంది, కొత్తగూడ అంగడికి ఇప్పపువ్వు తీసుకుపోయేటప్పుడు అక్కడి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుందట, తండాలో మా మాటే మాట్లాడుతుంది గానీ సామెతలకు మాత్రం తెలుగే వాడుతుంది, నన్ను తిట్టడానికి రెండు భాషలూ కావాలి ఆమెకు. తేలు కుట్టింది, మంట పుడుతోంది, అరవకూడదు, అరిస్తే ఆ కుండలో చెయ్యి ఎందుకు పెట్టావని అడుగుతారు. నిన్నంతా టెంటులో కూర్చుని జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచాను. ఆ అరుపులో ఈ అరుపు కూడా పోతుందేమోనని చూశాను. పోలేదు, గొంతు మాత్రం పోయింది. ఇప్పుడు కాకాతో మాట్లాడాలన్నా గీరుకుపోయిన గొంతే వస్తోంది, ఆయన అది ఉద్యమం గొంతు అనుకుంటున్నాడు, పొద్దున దవాఖానకు తోడు వస్తానంటే భుజం తట్టి, "పాపం గొంతు పొయ్యేదాక ఒర్లుతున్నవ్ రా," అన్నాడు.

కాగితం మొన్న మోతీలాల్ అన్న చేతిలో చూశాను. మోతీలాల్ అన్న మా తండావాడే, టెంటుకు పెద్ద, ఆయన లేస్తే పది మంది లేస్తారు. నెట్‌లో నేను రాసినదాన్ని ఎవడో అచ్చు తీసి, కవర్లో పెట్టి, కంపెనీ ఆఫీసుకు పంపాడు. ఆఫీసులో గుమాస్తా ఒకతను దాని జిరాక్సు తెచ్చి టెంటులో ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మోతీలాల్ అన్న కూడబలుక్కుంటూ చదువుతుంటే నాకు ముందే తెలిసిన మాటలు ఒక్కొక్కటీ వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచినట్టయింది. అందులో ఉన్నది ఇది, మా భూపాలపల్లి స్నూకర్ క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారండి. లేని బంతి పద్ధతికి ఆయనే మహాగురువు. సంగతేంటంటే ఆయనకు ఎడమ కన్ను కనపడదు. ఉన్న బంతి కనపడనివాడికి లేని బంతి తప్ప దిక్కేముంది చెప్పండి. ఆ కంటితోనే గనిలో హాలర్ కూడా నడిపేస్తున్నారు, పైవాళ్ళకు తెలియకుండా. కింద రాసినవాడి పేరు, హాఫ్ బాల్. మోతీలాల్ అన్న కాగితం మడిచి, "హాఫ్ బాల్ అంటే ఏంది?" అన్నాడు, క్లబ్బుకు పోయే ఇద్దరు ముగ్గురు ఒకేసారి, "సగం బంతి, అబ్రహాం సార్," అన్నారు. అయిపోయింది. ఇక సాక్షులెందుకు, పంచాయితీ ఎందుకు, ఊళ్ళో ఎవరి మాట ఎవరిదో గుర్తుపట్టినట్టు మా క్లబ్బులో ఎవరి గురి ఎవరిదో గుర్తుపడతారు.

ఆ క్లబ్బు కంపెనీవాళ్ళది, నేను కంపెనీవాణ్ణి కాదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో గ్రూపు పరీక్షల ఫారాలు నింపిపెట్టేవాణ్ణి. కొమురెల్లి కాకా ఒకరోజు ఏదో దరఖాస్తు కోసం వచ్చి, నేను కంప్యూటర్లో స్నూకర్ బంతులాట ఆడుతుంటే చూసి, "గది ఉట్టి బొమ్మ రా, అసలుది సూపిస్త రా," అని లేవదీసి తీసుకుపోయాడు. వాకిట్లో ఆపినవాడికి, "నా కొడుకు లెక్క," అని చెప్పాడు. లెక్క అన్నాడు కానీ కొడుకే అన్నట్టు చూసుకున్నాడు. పచ్చగుడ్డ రెండుచోట్ల చిరిగి అతుకు పడ్డ టేబుల్, ఒకే ఒక్క మంచి కర్ర, దాన్ని నాకిచ్చి వంకరది ఆయన పట్టుకునేవాడు. మొదటిరోజు నా భుజం మీద గడ్డం ఆనించి వేలు చూపించాడు. "గాడ ఇంకో బంతి ఉన్నదనుకో బిడ్డా. లేదు, గని ఉన్నదనుకో. తెల్లదాన్ని వోయి గా జాగల కూసుండవెట్టు. మిగిలింది అదే సూసుకుంటది." కొట్టాల్సిన బంతికి వెనక, పాకెట్‌కు సరిగ్గా ఎదురుగా, ఆనుకుని ఒక బంతి ఉన్నట్టు తలచుకోవడమే ఆయన విద్యంతా. నేను లేని బంతిని ఎట్లా చూడాలంటే నవ్వాడు. ఆయన పని కూడా అదే కదా, గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలర్ మిషన్ దగ్గర కూర్చుంటాడు, టబ్బులు ఎక్కడో లోపల చీకట్లో ఉంటాయి, గంట ఎన్నిసార్లు మోగిందో విని, అవి ఎక్కడికొచ్చాయో మనసులో పెట్టుకుని తాడు వదలాలి, ఆపాలి. పాతికేళ్ళు అట్లా లేనివాటిని చూసినవాడికి ఒక బంతి ఎంత. నాలుగు నెలల్లో నాకూ కనపడటం మొదలైంది. నిజంగా కనపడేది, కొంచెం బూడిదరంగులో, దాని నీడ కూడా.

అబ్రహాం సార్ అది చూసి తల కొట్టుకునేవాడు. సర్వే సెక్షన్‌లో పని, బాపట్ల దగ్గర ఊరు, వచ్చి ఇరవై రెండేళ్ళు, పిల్లలు ఇక్కడే పుట్టారు. జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు, పాత సర్వే కాగితాల వెనక రెండు గుండ్రాలు గీసి ఒకదాని మీదికి ఒకటి జరిపి చూపించేవాడు. "ఇదిగో హరీ, ఊహలు కాదమ్మా, కొలత. తెల్ల బంతి దీన్ని సగం కప్పిందనుకో, ముప్పై డిగ్రీలకు తిరుగుతుంది. ముప్పావు కప్పితే ఇంత, పావు కప్పితే ఇంత. నాలుగు కొలతలు నేర్చుకుంటే నీ దయ్యాల బంతితో పనేముంది?" కొమురెల్లి కాకా కర్రకు చాక్ రుద్దుకుంటూ, "సగం బంతి సారూ, నీ కాయితం మీద మస్తుగ పడ్తయి, గీ అతుకుల బట్ట మీద ఏసి సూపియ్యి," అనేవాడు. సార్ వేస్తే ఒక్కోసారి పడేది, ఒక్కోసారి అతుకు మీద ఎగిరి పక్కకు పోయేది, ఇద్దరూ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ టీ తాగడానికి పోయేవాళ్ళు. ఐదారేళ్ళ వాదన, ఒక్కనాడు కూడా మాట మీరలేదు. నేను మాత్రం మెల్లగా సార్ వైపు జరిగాను. కాకాకు చెప్పకుండా జరిగాను. లేని బంతిని చూస్తున్నట్టే వంగి, లోపల సగం, పావు అని లెక్కపెట్టుకునేవాణ్ణి. బాగా పడేవి కూడా. ఏరు దాటి తెప్ప తగలేసినవాడినని అప్పుడే ఎవరైనా ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే బాగుండేది.

"టైమెంతయింది హరీ," అన్నాడు కాకా. పదీ ఇరవై అన్నాను. "మండుతున్నది రా, మిరపకాయ పెట్టినట్టు," అన్నాడు, మళ్ళీ తానే, "మీ నాయిన దేవ్యా పోడు ఎట్లున్నది, వాన వడ్డదా?" అన్నాడు. పడ్డదన్నాను, మక్కజొన్న చేను మంచిగుందన్నాను. కన్ను పోతున్న మనిషి నా తండ్రి పోడు గురించి అడుగుతున్నాడు. రోడ్డవతల డప్పు మొదలైంది. సమ్మె ఇంకో వారంలో అంటున్నారు, గనులు, బస్సులు, బళ్ళు అన్నీ ఆగుతాయట, అందుకే టెంటులో రోజూ జాతరే, పోయిన వారం రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. ఆ రోజు అబ్రహాం సార్ సైకిల్ మీద ముప్పై కిలోల బియ్యం మూట తెచ్చి దించాడు. మోతీలాల్ అన్నే దండ వేశాడు, సార్ సిగ్గుపడి ఆ దండ తీసి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు. అదే మోతీలాల్ అన్న మొన్న, "బియ్యం దెచ్చి మనని నమ్మిచ్చిండు," అన్నాడు. ఒక్క కాగితంతో ముప్పై కిలోల బియ్యం కూడా కుట్రలో కలిసిపోయింది.

నేను రాయాలని కూర్చుని రాసింది కాదు అని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా, నిన్న వంద సార్లు. అబద్ధం. కూర్చునే రాశాను. నెట్‌లో తెలుగు ఆటగాళ్ళ గుంపు ఒకటి ఉంది, మధ్యాహ్నం పని లేనప్పుడు చూసేవాణ్ణి, కరెంటు పోతే తిట్టుకుంటూ బయట నిలబడి చెల్పూర్ వైపు ఆ కరెంటు ఫ్యాక్టరీ పొగ చూస్తూ, వచ్చాక మళ్ళీ పరుగెత్తేవాణ్ణి. అక్కడ మా క్లబ్బులాగా ఇద్దరు కాదు, రెండు వందల మంది, గురి ఎట్లా పెట్టాలనే ఒక్క ముక్క మీద రెండేళ్ళుగా కొట్టుకుంటున్నారు. లేని బంతి అంటే మూఢనమ్మకం అని ఒకడు, కొలతలంటే పిల్లల ఆట అని ఒకడు, బంతులు రాసుకున్నప్పుడు రాపిడికి కొంచెం పక్కకు జారుతుంది కాబట్టి ఇద్దరివీ తప్పే అని ఇంకొకడు, ఇవన్నీ కాదు అలవాటే గురువు అని ఒక ముసలాయన రోజూ పొద్దున ఒకే వాక్యం రాసేవాడు. బంతి కొట్టి చూపించేవాడు ఒక్కడూ లేడు. నేను నా పేరుతోనే, నా భాషలోనే దిగాను. గట్ల గాదన్నా, గిట్ల సూడు అని రాశాను. గోదారి కుర్రాడు అని పేరు పెట్టుకున్నవాడు ఒకడు వెంటనే, ముందు తెలుగు నేర్చుకుని రా తమ్ముడూ, తర్వాత గురి నేర్చుకుందువు గాని అన్నాడు. సినిమాల్లో జోకర్ల మాట అన్నాడింకొకడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలంగాణ అని నేను ఎత్తగానే ఇక బంతులు ఎటు పోయాయో, టేబుల్ ఎటు పోయిందో, ఉద్యోగాలు, నీళ్ళు, రాజధాని. గోదారి కుర్రాడు చివరికి రాశాడు, మీవాళ్ళు గుడ్డిగా కొడతారు, తగిలితే మా ప్రతిభ అంటారు, తగలకపోతే వివక్ష అంటారు. అందరూ నవ్వారు. ఆ గుంపులో ఉన్న మనవాళ్ళు కూడా ఒకరిద్దరు నవ్వారు. మూడు రోజులు ఆ గుంపు వైపు పోలేదు.

నాలుగో రోజు ఏం చేశాను, వాళ్ళ మీద కోపంతో వాళ్ళలాగే అయిపోయాను. హాఫ్ బాల్ అని కొత్త పేరు పెట్టుకుని, అండీ, గారూ, అదేంటంటే అని రాయడం మొదలుపెట్టాను. అబ్రహాం సార్ చెప్పినవన్నీ సొంతంలా, గుండ్రాలు గీసి, డిగ్రీలు వేసి పెట్టాను. వారంలో నన్ను గురువుగారూ అని పిలిచారు. తండాలో పుట్టినవాణ్ణి, తెలుగే రెండో భాష అయినవాణ్ణి, గోదారి కుర్రాడు గురువుగారూ అన్నాడు, ఆ మాట చదివి నెట్ సెంటర్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను, ఎంత బాగుండిందో చెబితే సిగ్గు. ఆ తర్వాత ఆ పేరు లేకుండా ఉండలేకపోయాను. ఒకరోజు వాడే అడిగాడు, లేని బంతిని నమ్మేవాళ్ళను మీరు దగ్గర్నుంచి ఎవరినైనా చూశారా గురువుగారూ అని. చూశాను అని ఊరుకోవచ్చు. కానీ ముప్పై మంది ఎదురుచూస్తున్నారు, నవ్వడానికి నోళ్ళు తెరుచుకుని ఉన్నారు, నా చేతిలో ఒక ముక్క ఉంది. ఇంట్లో గిన్నె తీసి అంగట్లో అమ్మినట్టు కాకా కన్ను తీసి వాళ్ళ ముందు పెట్టాను. నవ్వారు. చాలా నవ్వారు. గురువుగారూ మీరు అసాధ్యులండీ అన్నారు. ఆ పూట అన్నం కూడా బాగా తిన్నాను.

కన్ను సంగతి కాకా నాకెప్పుడూ చెప్పలేదు, నేనే పట్టేశాననుకున్నాను. పోయినేడు జనగామలో స్టేషన్ దగ్గరి స్నూకర్ పార్లర్‌లో పోటీలు పెడితే ఇద్దరం పోయాం, కాకా భార్య లచ్చవ్వ కాకి సద్దికట్టి ఇచ్చింది, రైలు ఎక్కడో ఆపేశారని ఆటోలు మారి, లింగాల ఘనపూర్ నుంచి వస్తున్న మక్కల ట్రాక్టర్ వెనక నిలబడి చేరాం. కాకా చివరిదాకా వచ్చాడు. నల్ల బంతి ఒక్కటే మిగిలింది, తేలికైన దెబ్బ, నేను కళ్ళు మూసుకుని కొడతాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు. అందరి కర్రా ముక్కు కిందుగా పోతుంది, ఆయన కర్ర ఎడమ కంటి కిందికి వచ్చింది, తల అంతా ఒక పక్కకు తిప్పి, ఆ కంటిని కర్రకు ఆనించినంత దగ్గరగా పెట్టి. కొట్టాడు, బంతి పాకెట్ మూతి తగిలి బయటికొచ్చింది. ఆయన నవ్వేసి, గెలిచినవాడికి చెయ్యిచ్చి, బయటికొచ్చి మిర్చిబజ్జీ తిన్నాడు, నాకే తలకొట్టేసినట్టయింది. దగ్గరికి పెట్టుకున్నాడంటే ఆ కన్ను మసకబారి ఉంటుంది అని ఆ రోజే తీర్మానం చేసుకున్నాను. అడగలేదు. అడిగితే ఆయనకు బాధ అని నాకు నేను చెప్పుకున్నాను. అంత బాధపడేవాణ్ణి రాసేటప్పుడు ఎక్కడున్నానో.

నర్సమ్మ మళ్ళీ వచ్చి చుక్కలు వేసింది. పదీ ముప్పై ఐదు. హాలర్ మీద కూర్చున్నవాడికి చూపు సరిగా లేకపోతే కింద ఉన్నవాళ్ళ ప్రాణాలకే మోసం కదా, తాడు మీద గుర్తు కనపడకపోతే, బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే, కాబట్టి నేను చేసింది మంచిపనే కదా అని నిన్న సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. ఎంత చక్కగా వచ్చిందో, మంచి బట్టలు కట్టుకుని వచ్చిన చుట్టంలా వచ్చి కూర్చుంది. కాసేపు కూర్చోబెట్టుకున్నాను కూడా. కానీ రాసేటప్పుడు నాకు కింద ఉన్నవాళ్ళు ఒక్కరూ గుర్తులేరు, ఆ గుంపులో నవ్వేవాళ్ళే గుర్తున్నారు. నిజంగా ప్రాణాల భయం ఉంటే కాకా ఎదుట కూర్చుని, కాకా, ఇంక చాలు, నువ్వు చెప్పేయ్ అని ఉండాల్సింది. అది చెప్పడానికి దమ్ము కావాలి, ఇది రాయడానికి రెండు వేళ్ళు చాలు.

గడప దగ్గర చెప్పుల చప్పుడు, మోతీలాల్ అన్న. మెడలో గులాబీ కండువా, చెమట. కాకా ముందు వంగి, "ఎట్లున్నది కాకా, మండుతున్నదా? నువ్వేం ఫికర్ జెయ్యకు. ఇయ్యాల వాని సంగతి తేలుస్తం," అన్నాడు. కాకా కళ్ళు తెరవలేదు. "వద్దు రా మోతీ, గాయిన జోలికి వోకుండ్రి," అన్నాడు, గట్టిగా కాదు, నీరసంగా, ఎవరో అడిగితే ఇవ్వాల్సిన జవాబులా. మోతీలాల్ అన్న నవ్వాడు. "నీది మెత్తటి పానం కాకా, గందుకే వాళ్ళు మనని ఎక్కి తొక్కుతుండ్రు. ఆటో గూడ మాట్లాడినం." నా వైపు తిరిగి, "హరీ, కాకాను లోపలికి పంపి నువ్వు గూడ రా. సామాను మోయనీకి నీ అసొంటి పోరగాండ్లు గావాలె," అన్నాడు. సరే అన్నట్టు తల ఊపాను. ఊపిన తల నాదే. ఆయన పోయాక కూడా అది ఊగుతూనే ఉన్నట్టు అనిపించి చేత్తో పట్టుకున్నాను.

ఆ క్వార్టర్‌లో ఏమేం ఉంటాయో నాకు తెలుసు. క్రిస్మస్‌కు పోయి కేకు తిన్నాను. ఇనుప మంచం ఒకటి, కుట్టుమిషన్, పిల్ల చదువుకునే బల్ల, దాని మీద అట్టలు వేసిన పుస్తకాలు, గోడకు సర్వే స్కేళ్ళు వరుసగా. మంచం ఇద్దరు మోయాలి. కుట్టుమిషన్ ఇంకొకడు. నేను బల్ల మోస్తానా? పుస్తకాలు దింపి మోస్తానా, పుస్తకాలతోనేనా? సార్ అడ్డం రాడు, ఆయన తత్వం కాదది, వాకిట్లో నిలబడి పెన్సిలు తిప్పుకుంటూ ఉంటాడు, నన్ను చూస్తాడు, హరీ నువ్వు కూడానా అంటాడో అనడో. అనకపోతేనే కష్టం. పోనీ, సార్‌కు ఎక్కడైనా ఉద్యోగం ఉంటుంది, బదిలీ చేయించుకుంటాడు, వాళ్ళ ఊళ్ళో ఇల్లుంది, నా గతేంటి, నేను రాశానని తెలిస్తే తండాకు పోయే ముఖం ఉంటుందా, మోతీలాల్ అన్న నా ఇంటి ముందు ఆటో పెట్టడా, ద్రోహి అనరా. అంటారు. నిజమే అంటారు. ఎటు తిరిగినా లెక్క అక్కడికే వస్తోంది, పది నలభై ఐదు, పది నలభై ఏడు.

"కాకా," అన్నాను. "ఊఁ," అన్నాడు. ఏమీ లేదన్నాను. మళ్ళీ, "కాకా," అన్నాను. మూసిన కళ్ళ మీద రెప్పలు కదిలాయి, అంతే. "అబ్రహాం సార్ గాదు కాకా. గా హాఫ్ బాల్ నేనే. రాసింది నేను." గొంతు గీరుకుపోయి సగం గాలే వచ్చింది. ఆయనకు వినపడలేదేమోనని, మళ్ళీ చెప్పాల్సి వస్తుందేమోనని ప్రాణం పోయింది. లోపలి గదిలో ఎవరికో అక్షరాలు చదివిస్తున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వేళ్ళు ఒకసారి ముడిచి, విప్పి, కాకా అన్నాడు, "ఎడమ కన్ను అని రాసినవ్ గద."

అవునన్నాను.

"నాకు పోయింది కుడి కన్ను రా." కోపం లేదు, ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పినట్టు చెప్పాడు. "మూడేండ్ల సంది మసక. ఎడమది మంచిగుంటది, గందుకే కర్ర గా కన్ను కిందికి వెట్టుకుంట. అబ్రహాముకు ఎరుకే. గాయిననే నన్ను హన్మకొండకు తోల్కవోయి సూపిచ్చిండు, చీటి గాయిన జేబులనే ఉంటది. గాయినకు ఏ కన్నో ఎరుకే గనుక గాయిన రాయలేదని నాకు మొన్ననే తెలిసింది, మోతీ సదువుతుంటెనే."

"మరి అప్పుడే ఎందుకు జెప్పలే కాకా?" అని నోరు జారాను. అడగడానికి నేనెవరిని. అయినా అడిగేశాను.

"ఎట్ల జెప్పాలె? గాయిన గాదంటె, నీకెట్ల ఎరుక అంటరు. ఏ కన్ను అంటరు. పరీచ్ఛ గాకముందే నా నోటితోనే నేను ఒప్పుకున్నట్టయితది. హాలర్ ఇడిసినంక నన్నేం జేస్తరు, పైన చీపురు పట్టమంటరు. మిగిలిన రెండేండ్ల నౌకరి గట్ల ఎల్లదీద్దామనుకున్న. ఇయ్యాల లోపల పాసయితె గప్పుడు పోయి చెప్దామనుకున్న మోతీతోని." మందు కారి ముక్కు పక్కన ఆగింది, ఈసారి తుడుచుకున్నాడు. "గంతట్ల గాయిన సామాను రోడ్డు మీద పడ్తదని తెల్వదా నాకు? తెలుసు. తెలిసే కూసున్న. నువ్వొక్కనివే గాదు రా."

ఆయన నన్ను తిట్టి ఉంటే, లేచి కొట్టి ఉంటే, నేను ఏడ్చి ఉండేవాణ్ణి, ఏడిస్తే ఏదో తీరినట్టు ఉండేది. తిట్టకుండా నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అది భరించలేకపోయాను. ఐదేళ్ళు ఈయన భుజం పక్కన వంగి ఆడాను. ఇంగ్లీషులో ఉన్న గురిపాఠాలన్నీ చదివాను, బంతి మీద ఏ చుక్క చూడాలో, ఎంత మేర కప్పాలో, రాపిడికి వెంట్రుకవాసి ఎటు జరుగుతుందో రెండు వందల మందికి పాఠం చెప్పాను. ఆ రెండు వందల మందిలో ఈయన ఏ కంటితో చూస్తాడో తెలిసినవాడు లేడు, నేను కూడా.

"కొమురెల్లీ," అని లోపల్నుంచి పిలిచారు. గడియారంలో ఇంకా ఎనిమిది నిమిషాలుంది, డాక్టరు తొందరగా వచ్చినట్టున్నాడు. కాకా లేచాడు. కళ్ళు తెరిచాడు, నల్లగుడ్లు పెద్దవై ఎటో చూస్తున్నాయి, వెలుతురుకు మొహం ముడుచుకున్నాడు. నేను జబ్బ పట్టుకోబోయాను. ఆయన నా చెయ్యి తీసేశాడు, విసిరికొట్టలేదు, తీసి పక్కన పెట్టాడు. "నన్ను ఇడువు. గోడున్నది, పట్టుకోని వోత. లోపల ఏ కన్నో నేనే జెప్పుకుంట. నువ్వు గాడికి వో, లేస్తుండ్రు." గోడ తడుముకుంటూ, తలుపు ఒకసారి దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, చేత్తో చౌకట్టు వెతికి లోపలికి వెళ్ళాడు. అంతవరకూ నిలబడి చూశాను. చూడటం అయిపోయాక ఇక నిలబడటానికి సాకు లేదు.

రోడ్డు దాటుతుంటే ఒక లారీ హారన్ కొట్టింది, డ్రైవరు ఏదో తిట్టాడు. టెంటులో అందరూ అప్పటికే లేచారు, చాపలు చుడుతున్నారు, ఆడవాళ్ళు ముందు వరుస, ఆటో స్టార్ట్ అయి పొగ వదులుతోంది, డప్పులు ఆటో వెనక. నన్ను చూసి మోతీలాల్ అన్న సంతోషపడ్డాడు, "రా రా, నీ కోసమే సూస్తున్న," అంటూ జెండా కర్ర నా చేతిలో పెట్టబోయాడు. పట్టుకుంటే ఇంకో పది అడుగులు ఊరికే నడిచిపోతానని తెలుసు, పది అడుగుల తర్వాత ఇంకో పది. చేతులు వెనక్కి కట్టుకున్నాను. "జర ఆగుండ్రి అన్నా. గా కాయితం రాసింది అబ్రహాం సార్ గాదు, నేను," అన్నాను. మోతీలాల్ అన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏందీ?" అన్నాడు. డప్పుల మోతకు ఎవరికీ వినపడలేదు. ఉన్న గొంతంతా కూడదీసుకుని రెండోసారి అరిచాను.